నేను ఎంచి ఇచ్చిన ఎర్ర గిటార్

సంగీతానికి మంచి చెవి ఉన్న ఒక మనిషిని, తనకు చెవి లేదని నమ్మించాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఇదే. చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే కనిపించింది. కాదు, అలా కనిపించేలా నేనే దాన్ని పక్కకు తిప్పి పెట్టుకున్నాను. ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి పొలమూ పోలేదు. ఒక మనిషి వాయించడం మానేశాడు, అంతే. కానీ అతను నా స్నేహితుడు. మానేలా చేసినవాణ్ని నేను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. విజయనగరంలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరైనవాణ్ని. ఎదుటివాళ్ల తప్పుల గురించి ఎన్నో వార్తలు దిద్దాను. ముందు జరిగింది చెప్పాలి, తర్వాత ఎందుకు జరిగిందో చెప్పాలి. డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు ఇదే నేర్పేవాణ్ని. ఇక్కడా ఆ వరసలోనే చెబుతాను. రెండో దాని దగ్గర కలం ఆగుతుందని తెలుసు. ఆగినచోట కాస్త ఓపిక పట్టండి.

మాది వ్యాపారస్తుల కుటుంబం. బజారులో బట్టల కొట్టు. కొట్టు అన్నయ్య చూసుకున్నాడు. నేను పత్రికలోకి వెళ్లాను, సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రాలోకి. శ్రీకాకుళంలో ఒక మాస్టారు నడిపేవారు. కీబోర్డు ఆయనే వాయించేవారు. పెళ్లిళ్లు, ఊరి పండగలు, కాలేజీ వార్షికోత్సవాలు. నేను బస్సెక్కి వెళ్లి బేస్ గిటార్ వాయించేవాణ్ని.

బేస్ సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట. దానికి నాలుగే తీగలు, లావుపాటివి. స్టేజీ మీద దాన్నెవరూ చూడరు. జనం గాయకుణ్ని చూస్తారు, గాయని చీర చూస్తారు, డ్రమ్ములు కొట్టేవాడి జుట్టు చూస్తారు. బేస్ వాయించేవాడు వెనక, మోత పెంచే యాంప్ పెట్టె పక్కన, వైర్ల మధ్య నిలబడి ఉంటాడు. దాని మోత చెవికంటే ముందు గుండెకు తగులుతుంది. అది శ్రుతి తప్పితే ఏం తప్పిందో ఎవరూ చెప్పలేరు గానీ ఒక్కొక్కరే లేచి బజ్జీల బండి వైపు నడుస్తారు. ఇది నేను చాలా ఊళ్లలో చూశాను.

నాకు లయ బాగుంది. చెవి, పని జరిగేంత ఉంది. వాద్యాల గురించి మాత్రం నాకు తెలిసినంత మా రెండు జిల్లాల్లో అప్పట్లో ఎక్కువమందికి తెలియదు. గొప్పకు చెప్పడం లేదు. గిటార్‌ను తుపాకీలా ఎత్తి కంటికి ఆనించి చూస్తే మెడ వంగిందో లేదో చెప్పగలను. ఏ యాంప్ ఏ స్టేజీకి చాలుతుందో, మైకుసెట్ వాళ్ల బాకాల్లో బేస్ ఎందుకు చచ్చిపోతుందో, కళింగపట్నం గాలికి ఏ తీగ ముందుగా తుప్పు పడుతుందో చెప్పగలను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశాడేమో అనుకునే వీలు మీకు ఉండకూడదని. నాకూ ఉండకూడదని.

నా స్నేహితుణ్ని ఇక్కడ రామునాయుడు అంటాను. అసలు పేరు అది కాదు. కళింగపట్నం వెళ్లే దారిలో వాళ్ల ఊరు. వరి, నువ్వులు పండించే కుటుంబం. శ్రీకాకుళంలో విత్తనాల కొట్లో పనిచేస్తూ సాయంత్రాలు మా రిహార్సల్‌కు వచ్చి కూర్చునేవాడు. మొదట్లో వైర్లు చుట్టిపెట్టేవాడు. నాకు డ్యూటీ పడి రాలేని రోజుల్లో ఆర్కెస్ట్రా గిటార్ అందుకోవడం మొదలుపెట్టాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో నేనే నేర్పాను. ఆ తర్వాత నేర్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

స్టేజీ పక్కన జనరేటర్ మోగుతూ తీగల చప్పుడు వినపడకపోతే, గిటార్ ఒంటికి పైకొసన ఉండే కొమ్ముకు దవడ ఆనించి, ఎముక గుండా విని శ్రుతి చేసేవాడు. అది అతనికి ఎవరూ చెప్పింది కాదు. పొలంలో నీళ్ల మోటారు మోత విని అది ఏ తీగ స్వరమో చెప్పేవాడు. నమ్మక, ఒకసారి నేను చిన్న కీబోర్డు పట్టుకెళ్లి సరిచూశాను. అతను చెప్పిందే ఒప్పు.

ఒకరోజు మాస్టారు టీ తాగుతూ మామూలుగా అన్నారు, "నీ స్నేహితుడు వాయిస్తే పాట కింద నేలున్నట్టుంటాదిరా."

నేను వాయిస్తే ఎలా ఉంటుందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ మాట నాలో ఎంత లోతుకు దిగిందో అక్కడికక్కడే తెలిసింది. తెలిసీ, నిజమేనని నవ్వాను.

ఆ ఏడాది పెళ్లిళ్ల రోజులకు ముందు, వ్యాన్‌లో యాంప్ జారిపడి ఆర్కెస్ట్రా బేస్ గిటార్ మెడ విరిగింది. ఇక తాను కొననని మాస్టారు చెప్పేశారు. ఇద్దరూ ఎవరి గిటార్ వాళ్లు తెచ్చుకోండి, ఎవరు ఏ ప్రోగ్రాంకు రావాలో తర్వాత చూద్దాం అన్నారు. ఆ చూడటంలో ఒకరికే చోటు మిగులుతుందని నాకు అర్థమైంది. రామునాయుడికి అర్థం కాలేదు. అతనికి అలాంటివి తట్టవు.

విజయనగరంలో కోట దగ్గర మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. దాని యజమాని సొంత ఆర్కెస్ట్రా మూసేసి వాద్యాలు అమ్మేస్తున్నాడని తెలిసి ఇద్దరం వెళ్లాం. మధ్యాహ్నం వేళ. గోడకు రెండు బేస్ గిటార్లు వేలాడుతున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది.

రామునాయుడు దేన్నీ ముట్టుకోలేదు. గుమ్మం దగ్గరే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రమ్మంటే రాలేదు. వాళ్ల నాన్న ఎడ్ల సంతకు వెళ్లేటప్పుడు పశువు సంగతి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లేవాడట. ఆ మనిషే పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. అతను సరేనన్నాక కొనేవాడు మళ్లీ చెయ్యి వేసి చూడకూడదు. చూస్తే వెంట వచ్చినవాణ్ని అవమానించినట్టు. ఇంటికి తోలుకొచ్చాక కూడా ఆ ఎద్దు మీద అనుమానం పైకి అనరు. గిటారైనా అంతేనని అతని లెక్క.

"నువ్వు సూసినావంటే నాను సూసినట్టే," అన్నాడు.

చూశాను. చాలా జాగ్రత్తగా చూశాను.

నల్లదాని తీగలు మెడకు ఎత్తుగా ఉన్నాయి. నొక్కితే వేళ్లు నొప్పెడుతున్నాయి. మోత మొద్దుగా ఉంది. కొత్తవాడెవడైనా వద్దని పక్కన పెట్టేస్తాడు. కానీ జరిగింది మెడ కాస్త వంగడమే. మెడ లోపల పొడుగునా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చిన్న కీతో దాన్ని ఓ పిసరు తిప్పితే మెడ నిటారుగా సర్దుకుంటుంది. కొత్త తీగలు వేస్తే గొంతు తిరిగి వస్తుంది.

ఎర్రది తళతళలాడుతోంది. తీగలు కొత్తవి. నొక్కకుండా ఊరికే మీటితే గది నిండిపోయింది. తర్వాత మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో పన్నెండోదాని దగ్గర, తీగను వేలితో తాకీ తాకనట్టు తాకి మీటాను. సన్నగా గంట లాంటి స్వరం పలికింది. అదే చోట గట్టిగా నొక్కి మీటాను. రెండు స్వరాలూ ఒకటే కావాలి. కాలేదు. నొక్కిన స్వరం కొంచెం పైకి పోయింది. నాలుగు తీగలూ అంతే. కింద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జిని ఎవరో ఎప్పుడో ఊడదీసి మళ్లీ తప్పు చోట బిగించారు. సర్దే మరలు అప్పటికే చివరిదాకా తిప్పేసి ఉన్నాయి. అంటే ఈ గిటార్ మెడ మొదట్లో బాగానే పలికినట్టు ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ ప్రతి స్వరమూ తప్పుతుంది. వాయించేవాడు ఎంత గొప్పవాడైనా తప్పుతుంది. దాన్ని విప్పి సరైన చోట బిగించగలవాడు మా దగ్గర అప్పుడు లేడు.

"ఎర్రది నీది," అన్నాను. "నల్లది నాను తీసుకుంటాను."

శ్రీకాకుళం బస్సు ఎక్కబోతూ రామునాయుడు, మంచిది తనకు వదిలి పాతది నేను తీసుకున్నందుకు మొహమాటపడ్డాడు. ఇంకొకడైతే ఇలా చెయ్యడన్నాడు. నేను అతని గిటార్‌ను బస్సులోకి అందించాను.

ఎందుకు చేశాను? అసూయ అని ఒక్క మాటలో రాసెయ్యొచ్చు. డెస్కులో అయితే శీర్షిక అదే పెట్టేవాణ్ని. కానీ ఆ కొట్లో నిలబడ్డ క్షణంలో నాకు అతని మీద కోపం లేదు, అతను వాయించడం మానెయ్యాలన్న కోరికా లేదు. కొంచెం తగ్గితే చాలనుకున్నాను. నాకంటే ఒక్క పిసరు కింద ఉంటే చాలు, అప్పుడు మళ్లీ నేనే నేర్పేవాణ్ని, అతనే నేర్చుకునేవాడు, మా స్నేహం మొదట్లో ఉన్నట్టే ఉంటుంది, అని ఏదో ఒకటి లోపల చెప్పుకున్నాను. ఆ పిసరును కొలిచేది ఎవరు? ఒక మనిషి చేతిలో తప్పు వాద్యం పెట్టి, ఇంతవరకే చెడిపో, ఇంతకు మించొద్దు అని ఎవరు ఆపగలరు? ఇవి ఆ రోజు నన్ను నేను అడగలేదు. అడిగే తెలివి లేక కాదు.

పెళ్లిళ్ల పాటలకు రిహార్సల్ మొదలైంది. కీబోర్డు శ్రుతి తప్పదు. తేడా వస్తే తీగ వాద్యం మీదికే వస్తుంది. బేస్ కింద స్వరాల్లో నడిచే పాటలు ఎలాగో గడిచిపోయేవి. మెడ పైకి పాకాల్సిన చోట మాస్టారి తల లేచేది. మొదట్లో ఏమీ అనలేదు. తర్వాత, చెవి పెట్టి వాయించు నాయుడూ అనడం మొదలుపెట్టారు. డ్రమ్ములవాడు చాటుగా నవ్వేవాడు.

ఇక్కడ ఒక సంగతి మీకు తెలియాలి. చెవి లేనివాడైతే ఆ గిటార్‌తో హాయిగా బతికేవాడు. తప్పు వినపడదు కనుక నిద్ర చెడదు. రామునాయుడికి ప్రతి తప్పూ వినపడింది. వేళ్లు మెట్టు నుంచి వెనక్కి జరిపి చూశాడు. మెల్లగా నొక్కి చూశాడు. తీగలు కాస్త దించి శ్రుతి చేసి చూశాడు. అప్పుడు పైన సరిపోతే కింద తప్పేది. మధ్యాహ్నం భోజనం మానేసి రిహార్సల్ గదిలో కూర్చుని ఒకే వరస మళ్లీ మళ్లీ వాయించేవాడని ఆ గది కింద ఉన్న కొట్టువాళ్లు చెప్పారు. గిటార్‌ను అనుమానించడానికి మాత్రం అతనికి వీల్లేదు. దాన్ని చూసింది నేను.

చివరికి ఒకరోజు అడిగాడు. నాగావళి వంతెన దగ్గర టీ కొట్టు. పట్టపగలు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మావా, ఒక మాటడుగుతాను. ఏటనుకోవు కదా?"

అనుకోనన్నాను.

"తప్పు గిటార్లో ఉన్నాదా, నా సెవిలో ఉన్నాదా?"

నేను టీ తాగాను. చెప్పడానికి అప్పటికీ ఆలస్యం కాలేదు. నాదే పొరపాటు, సరిగ్గా చూడలేదు అన్నా సరిపోయేది, అబద్ధమైనా అది అతన్ని కాపాడేది. నేను చూడటంలో పొరపాటు పడ్డానని ఒప్పుకోవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. నేను అంతవాణ్ని.

"గిటార్‌కేటీ అవలేదు," అన్నాను. "నాను సూసినాను కదా."

"అయితే సెవే."

"అందరికీ అన్నీ వస్తాయేటి? ఇంటికాడ సరదాగా వాయించుకో."

అతను ఖాళీ గ్లాసు కొట్టువాడికి ఇచ్చేశాడు. "నాగలట్టిన సెయ్యికి గిటారేటిరా అని మా అయ్య అన్నాడు," అని నవ్వాడు. "సెయ్యి కాదు మావా. సెయ్యి బాగానే ఉన్నాది."

ఆ తర్వాత అతను రిహార్సల్‌కు రాలేదు. మాస్టారు అడిగితే, అతనికి చెవి చాలదు, అది అతనికే తెలిసొచ్చింది అని చెప్పాను. డ్రమ్ములవాడికీ అదే చెప్పాను. పాడే అమ్మాయికీ. వాళ్లు మిగతావాళ్లకు చెప్పారు. మొదటిసారి అంటున్నప్పుడు మాట తడబడింది. తర్వాత అలవాటైంది.

నేను చాలా ఏళ్లు వాయించాను. నల్ల గిటార్ మీదే. బాగా వాయించాను, ఆ మాటా దాచను. ఆర్కెస్ట్రాలో, చర్చి క్వయర్‌లో, కాలేజీ కుర్రాళ్ల బ్యాండుల్లో. బేస్ కొనబోయేవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. రంగు చూడొద్దు, బరువు భుజం మీద వేసుకుని చూడండి, పన్నెండో మెట్టు దగ్గర రెండు రకాలుగా మీటి వినండి అని చెప్పేవాణ్ని. వాళ్లకు ఎప్పుడూ చెడ్డ వాద్యం ఇప్పించలేదు. ఒక్కొక్కరికి మంచిది ఎంచి ఇస్తే పాతది చెరిగిపోతుందని అనుకున్నానా? అనుకున్నాననే అనిపిస్తుంది. చెరగలేదు.

మా స్నేహం చెడలేదు. అదే కష్టం. రామునాయుడు కొట్లో పని మానేసి ఊరికి వెళ్లి సొంతంగా ఎరువులూ విత్తనాల వ్యాపారం పెట్టాడు. పొలం చూసుకున్నాడు. పంట వచ్చినప్పుడు నువ్వులు పంపేవాడు. మా ఇంట్లో శుభకార్యాలకు ముందురోజే వచ్చి కుర్చీలు వేయించేవాడు. బ్యాండు మోగుతుంటే మాత్రం అక్కడ నిలబడేవాడు కాదు. వంటల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ఈ మధ్య వాళ్ల ఊరు వెళ్లాను. అతని కూతురు కాలేజీలో చదువుతోంది. వాళ్ల కాలేజీ బ్యాండులో బేస్ వాయించేవాళ్లు లేరట, తాను నేర్చుకుంటానని తండ్రిని అడుగుతోంది. నా ముందే అడిగింది. అతను విసుక్కోలేదు. మెత్తగానే చెప్పాడు.

"మనింటికి సెవి నేదమ్మా. కావాలంటే మావయ్యనడుగు. నన్ను దగ్గరుండి సూసినోడు."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. జవాబు కోసం నిలబడింది. నేను మంచినీళ్లు అడిగాను.

నేను చెప్పిన అబద్ధం అతనితోనే ఆగిపోతుందని ఇన్నాళ్లూ నాకొక ధైర్యం ఉండేది. అది ఆ ఇంటి సొత్తయిందని, తండ్రి నుంచి కూతురికి వెళ్లబోతోందని, దానికి సాక్షిగా నన్నే నిలబెట్టారని అప్పుడు తెలిసింది. విజయనగరం తిరిగి వచ్చాక ఎవరి సలహా అడగలేదు. ఏం చెయ్యాలో నాకు స్పష్టంగా తెలుసు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ స్పష్టత హాయిగా కూడా అనిపించింది.

కొత్త తీగల సెట్టు ఒకటి కొనుక్కుని తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్లాను. అటక మీంచి ఎర్ర గిటార్ దింపించాను. అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. తన తప్పుకు దాన్నెందుకు పంపించెయ్యాలి అనుకున్నాడట. వసారాలో కూర్చుని పాత తీగలు తీసి కొత్తవి వేశాను. శ్రుతి చేశాను. అతను ఎదురుగా మంచం మీద కూర్చుని, ఇదంతా ఎందుకని అడగకుండా చూస్తున్నాడు.

పన్నెండో మెట్టు దగ్గర తాకీ తాకనట్టు మీటాను. తర్వాత నొక్కి మీటాను. ఏం వినాలో చెప్పలేదు.

"రెండోది పైకి పోయింది," అన్నాడు వెంటనే.

ఇంకో తీగ మీటాను. అదీ పైకి పోయిందన్నాడు. నాలుగూ అయ్యాక అతని ముఖం మారింది. అప్పుడు చెప్పాను. ఆ రోజు కొట్లోనే ఇలాగే ఉందని, నేను విన్నానని, విని మరీ అతనికి ఇచ్చానని, నల్లది మంచిదని తెలిసి నేను ఉంచుకున్నానని. మాస్టారు అన్న మాట కూడా చెప్పాను, పాట కింద నేల అన్న మాట. అది అతనికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అతను అరవలేదు. గిటార్ నా చేతిలోంచి తీసుకుని, ఒక్కొక్క మెట్టే నొక్కుతూ పైదాకా వెళ్లాడు. ఒక్కో స్వరం దగ్గర ఆగి విన్నాడు. కొమ్ముకు దవడ ఆనించి మళ్లీ విన్నాడు.

"ఇప్పుడు నాకు సెప్పేసి నువ్వు తేలికవుతావు," అన్నాడు చివరికి. "నాకు సెవి నేదని ఎవులెవులికి సెప్పినావో ఆలకీ సెప్పు."

మాస్టారు పోయారు కదా అన్నాను. డ్రమ్ములవాడు ఎక్కడున్నాడో తెలియదన్నాను.

"అయితే రాయి. రాయడవే కదా నీ పని. నా పేరెట్టకు."

గిటార్ గోడకు ఆనించి పొలం వైపు వెళ్లిపోయాడు. భోజనం వేళ అవుతోంది. ఆ ఇంట్లో ఆ వేళకు వచ్చిన మనిషిని తినకుండా పంపరు. ఎన్నిసార్లు వెళ్లినా నాకు ముందుగా కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చేవాళ్లు. ఆ రోజు ఎవరూ ఉండమనలేదు. లోపల అతని భార్య, కూతురు అంతా విన్నారని తెలుస్తూనే ఉంది. చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాను. ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఫోన్ లేదు. ఆ పిల్ల బేస్ నేర్చుకుంటోందో లేదో తెలియదు. అడగడం నా పని కాదు.

అతను నన్ను క్షమించలేదు. క్షమించాలని నేను అడగలేదు. అడిగితే దానికి జవాబిచ్చే బరువు కూడా అతని మీదే పడేది. అతను నాకు అప్పజెప్పిన పని ఒక్కటే, అది చేస్తున్నాను.

ఆ మాస్టారి దగ్గర వాయించినవాళ్లు, పాడినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎవరి గురించో మీకు అర్థమయ్యే ఉంటుంది. అతనికి చెవి లేదని మీకు చెప్పింది నేను. అది అబద్ధం. అబద్ధమని తెలిసే చెప్పాను. ఆ గదిలో కూర్చున్న మనందరిలో, మాస్టారితో సహా, అతని చెవే మంచిది. గిటార్ తప్పు. దాన్ని చూసి ఇచ్చింది నేను.

ఇది రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను. ఎక్కడా గొంతు తడబడలేదు.